ఉల్లిపొర రంగుకు గోడ

మధురానగర్‌లో మా ముందుగదిని మా ఆవిడ బ్లౌజులు కుట్టే గదిగా మారుస్తున్నప్పుడు, రంగు విషయంలో నా సలహా ఎవరూ అడగలేదు. అయినా ఇచ్చాను. గదికి ఒకటే కిటికీ, అదీ పక్క హాస్టల్ గోడను చూసుకుంటూ ఉంటుంది. అందుకని నిమ్మపసుపు అన్నాను. ఆవిడ నెమలికంఠం అంది.

"మాపు కనవడదు," అని కారణం కూడా చెప్పింది. మా ఇంట్లో కారణాలు చెప్పే ఆనవాయితీ లేదు కాబట్టి ఆలోచనలో పడ్డాను.

బోరబండ నుంచి వచ్చిన పెయింటర్ మా ఇద్దరి మొహాలూ చూసి, లప్పం పెట్టిన తెల్లగోడ మీద చెరో రంగూ ఒక గజం మేర పూశాడు. మధ్యలో జానెడు వదిలాడు.

"ఎండనియ్యుండ్రి. కొట్లాట అయినంక పిలువుండ్రి అన్నా, చాయ్ తాగొస్త."

ఆవిడ భయం వేరు. ముందు నెలలో ఒక బ్లౌజు తిరిగొచ్చింది, గుడ్డకూ దారానికీ పొంతన లేదని. ఆవిడ గిరాకీ అంతా పంజాగుట్టలో ఒకే అపార్ట్‌మెంటు. మాట పాకడానికి ఒక్క లిఫ్టు చాలు.

అందుకే ఉల్లిపొర రంగు గుడ్డ, పది రీళ్ల దారం తెచ్చి గోడ దగ్గర కూర్చుంది. పసుపు పక్కన గుడ్డ వంకాయ వైపు మళ్లింది. ఒక రీలు ఎంచింది. నీలం పక్కన అదే గుడ్డ ఇటుకలా కనిపించింది. ఇంకో రీలు ఎంచింది. రెండు రీళ్లూ పక్కపక్కన పెడితే చుట్టాల్లా కూడా లేవు. నాకు సరదా పుట్టి నా చొక్కా కూడా పెట్టి చూశాను. అది రెండుచోట్లా పాతదే.

ఆవిడ గుడ్డను మధ్యలోని తెలుపు మీదికి జరిపి ఆగిపోయింది.

"మా నాయిన అద్దిన నూలు సున్నం గోడ కాడనే చూస్తుండె. ఇంకెక్కడ చూపిచ్చినా తిడుతుండె. గిందుకేనేమో."

వాళ్లది నేతగాళ్ల ఇల్లు. ఆ తిట్లకు అర్థం ఆవిడకు పట్నం వచ్చిన ఇన్నేళ్లకు దొరికింది.

పెయింటర్ వచ్చాడు. "తెల్లగనే ఉంచు తమ్మీ," అంది.

"తెలుపుకు గింత పంచాయితీనా అక్కా?" అన్నాడు, డబ్బాలకు మూతలు బిగిస్తూ.

ఆవిడ తెలుపు మీద గుడ్డకు కలిసిన మూడో రీలు తీసి, రెండు వరసలు కుట్టి నా చేతికిచ్చింది. "కుట్టు ఏడుందో చూపెట్టుండ్రి."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు తుడిచాను. కనిపించలేదు. మా ఇంట్లో నాకేదైనా కనిపించకపోతే ఎవరైనా సంతోషించడం అదే మొదలు.