కారు దిగే అలవాటు

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మా బండి కింద ఎవరైనా పడితే బండిలో ఉన్న ఇంటి మనిషే దిగి లేపాలి. జీతగాణ్ణి పంపకూడదు. మా తాత ఎడ్లబండి కింద ఒకామె చెయ్యి నలిగినప్పుడు ఆయనే ఆమెను ఎత్తుకుని తాండూరు దవాఖానా దాకా నడిచాడని యాలాల్ చుట్టుపక్కల ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. భూములు మా నాన్న కాలంలోనే పోయాయి. నేను తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో మేనేజర్‌గా పనిచేస్తున్నాను. పటేల్ అనే పిలుపూ ఈ కట్టుబాటూ మాత్రం మిగిలాయి.

నా పాత కారుకు కెమెరా పెట్టించింది నా బిడ్డ. అద్దం వెనక వేలెడంత పెట్టె. ముందున్న రోడ్డు బొమ్మ, చుట్టూ వినిపించే మాటలు అందులోకి ఎక్కుతాయట. నాకది నచ్చలేదు. మా ఇంటి మాటకు సాక్షిని అడిగినవాడు లేడన్నాను.

"ఇప్పుడడుగుతరు నాయినా," అని దాన్ని అద్దానికి గట్టిగా నొక్కి అంటించింది.

కొన్నాళ్లకు దాన్ని మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం వికారాబాద్‌లో పని చూసుకుని తిరిగి వస్తున్నాను. అనంతగిరి గుట్టలు దిగాక ఒక మలుపులో, పక్కన ఆగి ఉన్న మోటారు సైకిల్ ఒక్కసారి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగిపోయింది. ఆగిన కారుకు బండిని ఆనించి, ఒక బక్కపలచని మనిషి మెల్లగా రోడ్డు మీద పడుకున్నాడు. కారు వెనక్కి తిప్పుకుని పోగలిగేవాణ్ణే. తలుపు తెరిచి దిగాను.

అతని చంక కింద చెయ్యి వేసి లేపుతుండగా కందిచేను లోంచి నలుగురు వచ్చారు. మొదటి దెబ్బకు కళ్లద్దాలు ఎగిరిపోయాయి. రెండోది కడుపులో పడింది. నన్ను బానెట్ మీద బోర్లా వేసి ఒకడు మెడ నొక్కిపట్టాడు. ఇంజను వేడికి చెంప కాలింది.

వాళ్లలో తెల్లచొక్కావాడు పెద్ద. గొంతు పెంచకుండా మాట్లాడాడు. "పటేలా, తప్పు నీదని ఠాణాల ఒప్పుకో. నీ జేబుకెల్లి ఒక్క పైస పోదు. ఇన్సూరెన్సోళ్లిస్తరు."

నేను గుద్దలేదన్నాను. పక్కటెముకల మీద మోకాలితో పొడిచారు. ఏదో కటుక్కుమంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను.

తెల్లచొక్కావాడు విసుగ్గా కిందపడ్డవాడి మోకాలు వంగి చూశాడు. చర్మం కొంచెం గీసుకుంది. "గీ గీరుడుకు ఎవడిస్తడు రా?" అన్నాడు తనవాళ్లతో.

ఆ మాట అర్థమైంది మొదట కిందపడ్డవాడికే. లేవబోయాడు. "వద్దు బావా. కిందవడుడు వరకే అన్నవ్ గద."

ఇద్దరు అతని భుజాల మీద కూర్చున్నారు. నోట్లో తువ్వాలు కుక్కారు. తెల్లచొక్కావాడు రోడ్డు పక్కన పడి ఉన్న నాపరాయి ముక్కను రెండు చేతులతో ఎత్తి అతని మోకాలి కింద ఎముక మీద వేశాడు. యూనిట్‌లో రోజూ బండలు పగిలే చప్పుడు వింటాను. ఇది అలా లేదు. పచ్చికట్టె విరిచినట్టుంది. సరిగ్గా విరగలేదనుకున్నాడేమో, రాయి ఎత్తి మళ్లీ వేశాడు. ఎముక బయటికి వచ్చింది.

అదే రాయి పట్టుకుని నా వైపు వచ్చాడు. నేను చేతులు జోడించాను. చాలదన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. ఒప్పుకుంటానన్నాను.

గాయపడ్డవాణ్ణి అంబులెన్సులో ఎక్కించి, నన్ను నా కారులోనే వెనక్కి వికారాబాద్ ఠాణాకు ఈడ్చుకుపోయారు. అక్కడ తెల్లచొక్కావాడు తలబాదుకుని ఏడ్చాడు. అతని చెల్లెలే దెబ్బ తిన్నవాడి భార్య. మొగుడికి అన్నం తీసుకుని దవాఖానాకు పోతున్నదల్లా ఠాణాలోకి వచ్చి నా కాలర్ పట్టుకుంది.

"మీ తాతలు మా తాతల నడుములిరగ్గొట్టిర్రు. నువ్వు నా మొగని కాలిరగ్గొట్టినవ్."

ఎస్సై మర్యాదగానే కుర్చీ వేయించాడు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేస్తే బెయిలు వెంటనే వస్తుందన్నాడు. కబురు తెలిసి మా ఊరివాళ్లు కొందరు గుమ్మం దగ్గర గుమిగూడారు. నేను పెన్ను ముట్టలేదు. సంతకం పెడితే మా ఇంటివాడు ఒక మనిషి కాలు తొక్కించాడన్నది నా తర్వాత కూడా నిలిచిపోతుంది.

అప్పటికి నా బిడ్డ వచ్చింది. బయట ఆగి ఉన్న కారులోని కెమెరాది ఫోనులోకి ఎక్కించుకుని, చూసే లోపలికి వచ్చింది. నా చెవి దగ్గర వంగి చెప్పింది: "అంత ఉంది నాయినా. నువ్వు కాళ్లు వట్టుకున్నది గూడ ఉంది. గా ముక్క కోసి ఇస్తే ఎవ్వరు నమ్మరు. సూపియ్యమంటె సూపిస్త, వద్దంటె లేదు."

గుమ్మంలో ఉన్నవాళ్ల వైపు చూశాను. పక్కటెముకలు పట్టుకుని లేచి నిలబడి, అందరికీ కనబడేటట్టు పెట్టమన్నాను.

ఎస్సై బల్ల మీద ఫోను నిలబెట్టారు. దాన్ని లాక్కోబోయిన తెల్లచొక్కావాణ్ణి ఇద్దరు కానిస్టేబుళ్లు పక్కకు నెట్టి పట్టుకున్నారు. నేను తీసి వదిలేసిన తలుపు లోంచి, చేను వైపు నుంచి అతని గొంతు స్పష్టంగా వినిపించింది: "దిగిండు. చెప్పలే నేను? గా ఇంటోళ్లు పారిపోరు, దిగుతరు." వెనక ఎవరో నవ్వారు. వాళ్లు కాపుకాసింది ఏదో ఒక కారు కోసం కాదు. మా కట్టుబాటు కోసం.

రాయి పడింది. రెండోసారి పడింది. తర్వాత నేను. నా జోడించిన చేతులు, వంగిన నడుము, వాడి చెప్పుల మీద నా వేళ్లు. గుమ్మంలో ఒకడు నాలుక చప్పరించాడు. నేను కూర్చోలేదు.

తెల్లచొక్కావాడి చెల్లెలు నన్ను చూడనే లేదు. "మళ్ల వెట్టు," అంది. మళ్లీ పెట్టారు. నేను మళ్లీ కాళ్లు పట్టుకున్నాను.

అయిపోగానే ఆమె చేతిలోని స్టీలు టిఫిను అన్న మొహం మీద పడింది. ముక్కు చిట్లింది. అన్నమూ పప్పూ నెత్తురూ తెల్లచొక్కా నిండా కారాయి. "నా మొగడు నీకు రాయికింద కాయనా అన్నా," అంటూ కొడుతూనే ఉంది. పళ్లు రాలేదాకా కానిస్టేబుళ్లు ఆమెను గట్టిగా ఆపలేదు.

పోతూ నా ముందు ఆగింది. మూత ఊడిన టిఫిను ఇంకా చేతిలోనే ఉంది.

"కాలు మాట వాపస్ తీస్కుంట. మీ తాతల మాట తీస్కోను."

తీసుకోమని నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం నా బిడ్డే కారు నడిపింది. మలుపు దగ్గర రోడ్డు మీద నల్లటి మరక, దాని పక్కన తువ్వాలు పడి ఉన్నాయి. ఆపమన్నాను, దిగాలన్నాను. ఆమె నా వైపు చూడకుండా తలుపులన్నీ లాక్ చేసి ముందుకు పోనిచ్చింది.