నన్నే సాహెబ్ చేసిన చంద్రుడి గుంట

మా షెడ్డులో నన్నే సాహెబ్‌ను అందరూ చాచా అనేవాళ్లు. ఊరు రాయచోటి. దుబాయ్‌లో ఇరవై ఆరేళ్లుగా సీలింగులకు ప్లాస్టర్ పువ్వులు పోసిన చెయ్యి ఆయనది. నేను వెంకట్రాములును, జగిత్యాలవాణ్ని, రంగుల పని. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఎగ్జిబిషన్ బొమ్మలు చేసే కంపెనీ మాది. రూములో ఆయన మంచం కింద, నాది పైన. నాకు నోరు ఆగదు, ఆయనకు నోరు పెగలదు. అలాంటి మనిషితో ఏడేళ్లు ఎలా వేగానో ఆ దేవుడికే తెలియాలి.

2020లో విమానాలు బందైన రోజుల్లో ఆయన భార్య అక్తర్ బీ రాయచోటిలో కన్నుమూసింది. జనాజాను ఫోన్‌లో చూశాడు. విమానాలు మళ్లీ మొదలయ్యాక మేమంతా ఎగబడి ఇళ్లకు వెళ్లొచ్చాం. ఆయన మాత్రం కదల్లేదు. మదనపల్లెలో అత్తగారింట ఉన్న కూతురు షగుఫ్తా రమ్మని రమ్మని విసిగిపోయింది. ఒకరోజు నేనే ఉండబట్టలేక కసురుకున్నాను.

"ఏంది చాచా, గంత మొండితనం? ఒక్కపారి పోయి రారాదు!"

"ఆ ఇంట్లోకి నేను పోలేను రాములూ," అన్నాడు. "ఈడ పని చేసుకుంటా ఉంటే ఆమె ఆడ ఉన్నట్టే ఉంటాది. పోతే ల్యాదని తెలుస్తాది."

ఏడుపొచ్చింది. టీ తెస్తానని చెప్పి బయటికి పోయాను.

2022లో, ఈ దేశం చంద్రుడి మీదికి బండి పంపబోతోందని అందరూ చెప్పుకుంటున్న ఏడాది, పిల్లల సైన్సు హాలు ఒకటి మాకు పని ఇచ్చింది. చంద్రుడి మీది బిలం నమూనా కావాలి, నాలుగు మీటర్ల వెడల్పు. డిజైన్లు చూసే వైదేహి మేడమ్‌ది విశాఖ. ఆమె ఫొటో చేతికిచ్చి రెండు వారాలు సెలవు మీద పోయింది. చాచా ఆ ఫొటోను గోడకు తలకిందులుగా అంటించుకున్నాడు. మెడ పైకెత్తి చేసే సీలింగు పనిలో కాగితాన్ని తిప్పి పెట్టుకోవడం ఆయన పాత అలవాటు. కానీ ఫొటో తిరగబడితే నీడలూ తిరగబడతాయి, పల్లం కాస్తా మిట్టలాగా కనబడుతుంది. ఆ సంగతి మాకెవరికి తెలుసు? "నాకైతే గుట్టలెక్కనే కొడుతున్నది చాచా," అని నేను కూడా వంత పాడాను.

రెండు వారాల్లో షెడ్డు నడుమ ఒక గుట్ట లేచింది. చుట్టూ మెట్లు, నెత్తిన చిన్న గుంట. అబ్బ, ఏం పనితనం! సోమవారం వైదేహి మేడమ్ వచ్చి చూసి తల పట్టుకుంది.

"అయ్యో సాహెబ్ గారూ, ఇది గుంటండీ, గుట్ట కాదు!"

ఆమె ఫొటోను సరిగ్గా తిప్పి పెట్టగానే మా అందరికీ అది గుంటై కూర్చుంది. "ఇదిగోండి, పైకి లేచిన అంచు. ఇవి లోపలికి జారిపోయిన మెట్లు. ఇది చదును నేల. మధ్యలో ఇది కొండ."

"గుంతలో కొండేంది మేడమ్?" అని అడిగాడు చాచా.

"పెద్ద రాయొచ్చి గుద్దితే నేల లోపలికి పోయి, మళ్లీ పైకి ఎగదన్నిందండీ. ఎగసింది ఎగసినట్టే గట్టిపడిపోయింది. అక్కడ గాలీ లేదు, వానా లేదు. కోట్ల ఏళ్లయినా అలాగే ఉంటుంది."

చాచా ఆ కొండనే చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి షెడ్డు ఎగిరిపోయేలా కేకలేశాడు. గురువారానికి పని పూర్తి కావాలి, లేదంటే ఖలాస్. చాచా వీసా ఆ నెలాఖరుకు తీరిపోతుంది. మళ్లీ కొట్టించను, ఇంటికి పంపేస్తానన్నాడు. మాలో ఇంకెవరైనా అయితే జీతం కోసం ఏడ్చేవాళ్లు. చాచా వణికిపోయింది ఇల్లు అన్న మాటకు.

ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గుట్ట చుట్టూ తిరిగి తిరిగి, ఉన్నట్టుండి నా భుజం పట్టి ఊపేశాడు.

"ఇది చెడిపోలా రాములూ! ఇది అచ్చు!"

నిజమే! గుట్ట మీద ఫైబర్ పరిచి, గట్టిపడ్డాక ఊడదీసి తిరగేస్తే గుంట వస్తుంది. నెత్తి మీది గుంటే నడిమి కొండవుతుంది. ఎడమ కుడి మారతాయి కదా అని అడిగితే, ఫలానా బిలమని పేరేమీ పెట్టడం లేదు, భాగాలు తెలిస్తే చాలంది మేడమ్. మూడు రోజులు ఒళ్లు హూనమైంది. నేను బూడిద రంగు కొట్టి, గుద్దినప్పుడు చెదిరిన మట్టిని అంచు నుంచి తెల్లటి చారలుగా దిద్దాను.

గురువారం హాలువాళ్లు చూసి మెచ్చుకున్నారు. ముదీర్ మొహం వెలిగిపోయింది. అందరినీ పోగేసి చాచా వీసా ఖాయమని ప్రకటించాడు. అంతటితో ఊరుకుంటేనా! జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"మూడేళ్లుగా ఇంటి మొహం చూడలేదట కదా బాబా. రెండు నెలల సెలవు, టికెట్టు కంపెనీదే. యల్లా, పోయి రా!"

చప్పట్లు మోగాయి. సిగ్గులేకుండా నేనూ కొట్టాను, ఆ తర్వాతే చాచా మొహం చూశాను. అంతమంది ముందు వద్దని ఎలా అంటాడు? శుక్రన్ అని టికెట్టు తీసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు నేనే తోడు పోయాను. లోపలికి పోయే ముందు ఆయన జేబులన్నీ తడుముకోవడం మొదలుపెట్టాడు.

"పాస్‌పోర్టు నా చేతిల్నే ఉన్నది చాచా, గాబరపడకు," అన్నాను.

"అది కాదు. మా ఇంటి తాళంచెవి నా దగ్గర ల్యా రాములూ. ఎప్పుడూ ల్యా. నేను ఎప్పుడు పోయినా ఆమె లోపల్నించి తీసేది."