మా ఆయన పేరు పీరప్ప

పెండ్లిచూపులకు ముందు నాకు తెలిసిన సంగతులు రెండే. అబ్బాయి పశువుల డాక్టరు, పేరు పీరప్ప. మొదటిది విని మా నాయన పొంగిపోయాడు. రెండోది విని నేను నవ్వాపుకోలేకపోయాను. అప్పుడు నేను కర్నూలులో బి.ఇడి. చదువుతున్నాను. క్లాసులో చెబితే నా పక్కనమ్మాయి, “పెండ్లికొడుకా, పెండ్లికొడుకు వాళ్ల తాతా?” అంది.

మనిషిని చూశాక నవ్వు ఆగింది. పొడుగ్గా ఉన్నాడు. మాట్లాడే ముందు కాసేపు ఆలోచించుకుంటాడు. ఇంట్లోకి రాకముందే వాకిట్లో మా బర్రెను చూసి, “దీనికి ముందుకాలు నొస్తాండాది, ఎవురికన్నా చూపించినారా?” అని అడిగాడు. నాకంటే ముందు బర్రెను చూసినందుకు కోపం రావాలి. రాలేదు. సరేనన్నాను.

చిక్కు పెండ్లిపత్రిక దగ్గర వచ్చింది. మా నాయనకు కర్నూలులో విత్తనాల అంగడి. హైదరాబాదు బంధువులకూ, కంపెనీల వాళ్లకూ పత్రికలు పంచాలి. పీరప్ప అని అచ్చేస్తే వాళ్లేమనుకుంటారోనని ఆయనకు బెంగ పట్టుకుంది. ఎవరినీ అడగకుండా ‘ప్రీతమ్’ అని వేయించేశాడు. “మొదట్లో ‘ప’ ఉండాది గదమ్మా, ఏమవుతాది?” అన్నాడు. నేను కాసేపు గొణిగాను గాని గట్టిగా వద్దనలేదు. నిజం చెప్పాలంటే లోలోపల నాకూ ఆ పేరే బాగుంది.

పత్రికలు కమలాపురం పక్కన పెండ్లికొడుకు వాళ్ల ఊరికి చేరిన మూడోరోజు మధ్యాహ్నం, నాయనకు అన్నం క్యారియరు తీసుకుని అంగడికి వెళ్లాను. నేను లోపలికి అడుగుపెట్టానో లేదో ఒక ముసలామె ఆటో దిగింది. కాబోయే మా ఆయనకు అవ్వ, ఆయన తండ్రిని కన్నతల్లి. రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది. నాయన కంగారుగా కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి పత్రిక తీసి బల్ల మీద పెట్టింది.

“ఏమప్పా, ఈ పెండ్లికొడుకు ఎవురు?”

“మీ మనవడే గదా పెద్దమ్మా.”

“ఈ పేరు పిల్లోడు మా ఇంట్లో ల్యాడే! ఊరంతా అడిగినా, ఎవురికీ తెల్దన్నారు. మా పీరప్పను యాడ పెట్టినారు? వేరే సంబంధం యేమన్నా కుదుర్చుకున్నారేమో కనుక్కుందామని వచ్చినా.”

విత్తనాలకొచ్చిన రైతులు కిసుక్కున నవ్వారు. నాయన ముఖం ఎర్రబడింది. “అట్ల గాదు పెద్దమ్మా, ఆ పేరు ఇప్పటోళ్లకు కొంచెం పాతగా ఉంటాదని...” అంటూ నసిగాడు.

అప్పుడు కూర్చుంది అవ్వ. నేనిచ్చిన నీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కోడలికి మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోసారి నెలలు నిండుతున్నప్పుడు పీర్ల పండుగ వచ్చింది. అవ్వ పీర్ల చావిడికి పోయి, చక్కెర ఇచ్చి పీరు ముందు ఫాతెహా చదివించింది. ఈ బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటాను సామీ అని మొక్కుకుంది. బిడ్డ బతికాడు.

“ఆ పేరు పిలిస్తే పలికేదానికి ఒకడుండాడు గదా అని నాకు శానా నిమ్మళం. ఇప్పుడు అది తీసేసి పెండ్లి చేస్తామంటే నాకు బయమైతాదప్పా.”

అంగడిలో నవ్వులు ఆగిపోయాయి. నాయన లేచి నిలబడ్డాడు. “తప్పయిపాయ పెద్దమ్మా,” అన్నాడు. ఆ సాయంత్రమే ప్రెస్సుకు పోయి పీరప్ప పేరుతో వేరే పత్రికలు అచ్చేయమని చెప్పి వచ్చాడు. నాకైతే ఆమె ముఖం చూడటానికి సిగ్గేసింది. మొదట నవ్వినదాన్ని నేనే కదా. అవ్వ ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంది. పొద్దున మా అమ్మ చేసిన ఉగ్గాని తిని, ఉప్పు తక్కువైందని చెప్పి బస్సెక్కింది.

మా వీధిలో ఉర్దూ అయ్యవారు ఒకాయన ఉండేవారు. ఆ పేరుకు అర్థమేమిటని వెళ్లి అడిగాను. పీర్ అంటే ఫారసీలో వయసు మళ్లినవాడు అన్నారు. పోనుపోను ఆ మాట గురువులకూ, మహనీయులకూ అయిందట. మన ఊళ్లలో మొహర్రంకు నిలబెట్టే పంజాలను కూడా పీర్లనే అంటున్నాం. “పీరూ పెద్దే, అప్పా పెద్దే. నీకు కాబోయేవాడు రెండుసార్లు పెద్దాయన, బేటా!” అని ఆయన పెద్దగా నవ్వారు. పురిటిబిడ్డకు అంత పెద్దరికం వచ్చిందా అని నేనూ నవ్వాను. ఈసారి నవ్వులో ఎగతాళి లేదు.

పెండ్లయిన మొదటి ఏడు పీర్ల పండుగకు వాళ్ల ఊరికి వెళ్లాం. చావిడి ముందు జనంలో మా ఆయన కనిపించలేదు. అవ్వ గొంతెత్తి, “ఒరే పీరప్పా!” అని కేక పెట్టింది. ఆరుగురు తిరిగి చూశారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి. ఒకడు కాలేజీ కుర్రాడు. ఒకడింకా తల్లి చంకలోనే ఉన్నాడు, వాడి బదులు తల్లి “ఏమవ్వా?” అంది. మా ఆయన ఆ ఆరుగురిలో లేడు. గోడ వెనకాల ఎవరిదో మేకపిల్లకు కట్టు కడుతున్నాడు.

ఊళ్లో అంతమంది ఉన్నా, మేం కాపురముంటున్న ఈ కడపలో మాత్రం నాకింతవరకు ఇంకో పీరప్ప తగల్లేదు. నేను పనిచేసే బడిలో ఈ పేరు చెప్పగానే కొత్తవాళ్లు ఇంకోసారి అడుగుతారు. నేను ఇంకోసారి చెబుతాను.

మా అబ్బాయి పుట్టినప్పుడు, తన మొక్కు ఎప్పుడో తీరిపోయిందనీ, ఇష్టమైన పేరు పెట్టుకోమనీ అవ్వే అంది. ఇద్దరం వారం రోజులు ఫోన్లో వెతికాం. ‘చాలా అరుదైన పేరు’ అని రాసి ఉన్నదాన్ని ఏరుకున్నాం. నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాం కూడా.

వాడిప్పుడు ఐదో తరగతి. ఆ అరుదైన పేరున్నవాళ్లు వాడి క్లాసులోనే ముగ్గురున్నారు. టీచరు ఒకటి, రెండు, మూడు అని పిలుస్తుందట. మావాడు మూడు. మొన్న బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, “మీ ఇద్దరికీ పేరు పెట్టేది తెల్దు. అవ్వకే తెలుసు,” అన్నాడు. మా ఆయన పకపకా నవ్వాడు. నేను వాడి టిఫిను డబ్బా తీసుకుని కడగడానికి వెళ్లాను.