మారు అడగని వడ్డన

చంద్రపూర్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వడ్డించే ప్రహ్లాద్, ఎవరి పళ్లెంలో అన్నం తగ్గినా గరిటెతో ప్రత్యక్షమవుతాడు. మారు వడ్డించనిదే మనిషిని లేవనివ్వడు. 1994లో శిక్షణకు జర్మనీ వెళ్లే ఇంజనీర్లకు వండిపెట్టమని కంపెనీ అతన్నీ విమానం ఎక్కించింది.

తొమ్మిది గంటల ప్రయాణానికి దొరికింది పిడికెడు అన్నం, రాయిలాంటి బన్ను. ఇంకాస్త అన్నం అడిగితే ఎయిర్‌హోస్టెస్ నవ్వి, ఖాళీ ట్రే లాక్కుపోయింది, మళ్లీ కనిపించలేదు. మంచినీళ్ల కోసం మీట నొక్కి నొక్కి వేలు నొప్పెట్టిందిగానీ తెర వెనక విమాన సిబ్బంది కబుర్లు ఆగలేదు.

దిగేటప్పుడు ఆవిడే తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడింది. ప్రహ్లాద్ ఆగాడు. వెనక లైనంతా ఆగింది.

"మా క్యాంటీన్ల గిట్ల వడ్డిస్తే చేతిల గంటె గుంజుకుంటరు. అన్నం అడిగితే కానరాకపోతివి, ఇప్పుడు దర్వాజ కాడ దండమెందుకమ్మా?"