మడమ మీద చెయ్యి

మా ఆయనకు అన్నిటికీ తల ఊపే అలవాటు. సూరత్‌లో ఏళ్ల తరబడి పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కులు పడేసరికి ఆ దారీ మూసుకుపోయింది. వినబడలేదని ఒప్పుకోవడం నామోషీ. అందుకని ఎవరేమన్నా తల ఊపేసేవాడు. కూరగాయల బండి దగ్గర అలా ఊపే, నేను వద్దన్న కాకరకాయలు ఎన్నిసార్లు తెచ్చాడో.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాక మేముండే బమ్రోలి పేటలో తెలుగువాళ్లంతా దొరికిన బండెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు. ఆయన కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు, మూత్రం నురగలు పోతోంది. రోడ్లు తెరిచాక ఆసుపత్రికి వెళితే కిడ్నీలు చెడుతున్నాయని, ఏ జబ్బో తెలియాలంటే బయాప్సీ చెయ్యాలని అన్నారు. వీపు వైపు నుంచి సూది దింపి దారప్పోగంత ముక్క తీస్తారు. రక్తాన్ని వడగట్టే జల్లెడలు అందులో సరిపడా ఉండాలి. ఉంటే జబ్బుకు పేరు దొరుకుతుంది, తగిన మందు దొరుకుతుంది. లేకపోతే చీకట్లో రాయి విసిరినట్టు వైద్యం చెయ్యాలి, ఈలోగా కిడ్నీలు పోవచ్చు.

మొదటిసారి ముక్కలో కొవ్వూ కండా తప్ప ఏమీ రాలేదు. ఊపిరి తీసినప్పుడల్లా కిడ్నీ కిందికి జరుగుతుందట. అందుకే సూది దిగే వేళకు ఊపిరి బిగబట్టమని చెప్పి, అర్థమైందా అని హిందీలో మళ్లీ మళ్లీ అడిగారట. ఈయన ప్రతిసారీ తల ఊపి, బోర్లా పడుకుని హాయిగా ఊపిరి పీలుస్తూ ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వినబడలేదని చెప్పడానికేం రోగమని ఇంటికొచ్చాక కసిరితే, దానికీ తల ఊపాడు.

ఇంకొక్కసారి ప్రయత్నిస్తామని, అప్పుడూ ముక్క సరిగా రాకపోతే మళ్లీ పొడవబోమని, నెత్తురు పోయే ప్రమాదముందని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆమె దగ్గరికి వెళ్లి, ఈయన తల ఊపుడుకు విలువలేదని, నన్ను లోపలికి రానివ్వమని అడిగాను. కరోనా రోజులు, కుదరదంది. అప్పుడు మా మగ్గాల కార్ఖానా పద్ధతి చెప్పాను. నేనూ అక్కడే దారం కండెలు చుట్టేదాన్ని. తెగిన దారం అతకడానికి ఎవరైనా మగ్గంలోకి వంగితే, పక్కవాళ్లు మీట దగ్గరున్న మనిషి మీద చెయ్యి వేస్తారు. ఆ మోతలో కేకలు పనికిరావు. చెయ్యి తీసేదాకా మగ్గం కదలకూడదు, లేకపోతే వేళ్లు పోతాయి. డాక్టరమ్మ మాస్కూ గౌనూ వేసుకుని రమ్మంది.

భుజం దగ్గర డాక్టరమ్మ ఉంటుంది కాబట్టి నేను మడమ పట్టుకోవాలి. నొక్కితే ఊపిరి బిగబట్టాలి, తీస్తే వదలాలి. ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి సాధన చేయించాను. చక్కిలిగిలి అని ఒకటే నవ్వు.

ఆ రోజు నవ్వలేదు. కడుపు కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. డాక్టరమ్మ సైగ చేయగానే మడమ నొక్కాను. సూది టక్కుమంది. చెయ్యి తీశాను. మైక్రోస్కోపు దగ్గరున్న అమ్మాయి ముక్కను చూసి, బాగుంది గానీ ఇంకొకటి కావాలంది. మళ్లీ నొక్కాను. మళ్లీ టక్కుమంది. పల్చటి ఎర్రటి పోగొకటి గాజుపలక మీదికి చేరింది. ఆ అమ్మాయి దాని మీదికి వంగింది. నేను ఆమె కళ్లనే చూస్తూ నిలబడ్డాను. అంత భయం నాకు కరోనాకు కూడా వెయ్యలేదు.

"హో గయా, కాఫీ హై," అంది.

సరిపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీగా లేదు. దాని కింద ఏదో వణుకుతోంది. చూస్తే ఆయన మడమ. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. గబుక్కున చెయ్యి తీశాను. ఆయన బుస్సుమని గాలి వదిలాడు.

జబ్బు పేరు తేలింది, మందులు మొదలయ్యాయి, మెల్లగా కాళ్ల వాపు తగ్గింది. సూది పొడిచిన రోజు సాయంత్రం మాత్రం ఆయన వెల్లకిలా కదలకుండా పడుకుని ఉంటే, మాస్కు కిందికి లాగి, నా పెదవులు కనబడేట్టు అడిగాను.

"సూది తీసినంక గూడ ఊపిరెందుకు పట్టినవ్?"

ఈసారి తల ఊపలేదు.

"నువ్వు చెయ్యి తియ్యలే గదనే," అన్నాడు.