తప్పు బాణం

నర్సులు ఆమెకు పెట్టిన పేరు బాణాల మేడమ్. దానికి కోపగించుకునే ఓపిక కూడా ఆమెకు ఎప్పుడో పోయింది. ఏడేళ్లుగా ఆమె పరిశోధన అంతా ఒక్క మాట మీదే నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ ఏం చేసిపెట్టాలో పేజీల కొద్దీ రాసిస్తే, దాన్ని వాడబోయేవాళ్లు ఎవరూ చదవరు. అదే డబ్బాలూ బాణాలూ వేసి ఒక మోడల్ గీసి చూపిస్తే, తప్పులుంటే వాళ్లే పట్టేస్తారు. పీహెచ్‌డీ పట్టాకు యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో సరి. ఆ మాట నిజమని తేలకపోతే ఏడేళ్లూ మట్టికొట్టుకుపోయినట్టే.

అందుకే ఆస్పత్రి వార్డులో మందులిచ్చే పద్ధతిని గీసి, కావాలనే ఒక బాణం తిప్పేసింది. ముందు మందు ఇవ్వడం, ఆ తరవాత అది రోగి ఒంటికి పడుతుందో లేదో చూడడం! పన్నెండు మంది నర్సులకు ఇచ్చి, బాగా చూసి సంతకం పెట్టమంది. దీన్ని ఎవరూ పట్టుకోకపోతే పేరు మార్చుకుంటాననుకుంది. దాన్ని నర్సులు ముందే మార్చేశారనుకోండి.

మధ్యాహ్నానికి పన్నెండు కాగితాలూ వచ్చాయి. పన్నెండు సంతకాలున్నాయి. బాణం జోలికి ఒక్కరూ పోలేదు.

కాగితాలు పట్టుకుని ఆమె వెళ్లేసరికి హెడ్ నర్సు విశ్రాంతి గదిలో చెప్పులు విడిచి, వాచిన మడమలు ఒత్తుకుంటోంది.

"అక్కా, నిజం చెప్పు. ఇది చూశావా?"

"చూశాను. ఎంత పొందిగ్గా గీశావో!"

"ఈ బాణం చూడు."

హెడ్ నర్సు కళ్లజోడు సర్దుకుంది. "అయ్యో, ఇలా చేస్తే ప్రాణాలు పోతాయి కదే!"

"మరి సంతకం ఎలా పెట్టావు?"

"నువ్వు గీశావు కదా తల్లీ. ఏడేళ్లుగా మా వెనకే తిరుగుతున్నావు. నీకు తెలీదా అనుకున్నా. పోయినేడు పిల్లల వార్డుకు గీసిందానికీ ఇలాగే సంతకాలు పెట్టేశాం. అది హాయిగా కంప్యూటర్లో నడుస్తోందిగా."

బాణాల మేడమ్ చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. పిల్లల వార్డు మోడల్‌లో ఆమె కావాలని పెట్టిన తప్పు లేదు. తెలియక పెట్టింది ఉందో లేదో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. గడువూ పట్టా గుర్తొచ్చాయి. పిల్లల ప్రాణాలు తలచుకుంటే వాటి మీద దిగులు పడడానికి కూడా భయమేసింది.

"లే అక్కా, పిల్లల వార్డుకు పోదాం. ఈసారి నేనేమీ చూపించను. అక్కడ మందు ఎలా ఇస్తారో ముందు నువ్వు చెప్పు, నేను గీసినదాంతో పోల్చి చూడడం ఆ తరవాత."