అంచు లేని గౌను

మదనపల్లెలో మాకు బట్టలు కుట్టే అక్క అంచు మడిచిందంటే బయటికి ఒక్క కుట్టు కనబడేది కాదు. మడిచిన చోటల్లా బొటనవేలి గోరుతో గీసి, గుమ్మం దగ్గర వెలుగులో పెట్టి చూసుకునేది. ఆమెకున్న పేరంతా ఆ అంచుల వల్లే.

మా చెల్లి స్కూల్ వార్షికోత్సవంలో కార్టూన్‌లోని నీళ్ళ పిల్ల వేషం వేసింది. సాయంత్రం వేషమనగా మధ్యాహ్నం నేను అక్క దగ్గరికి వెళ్ళేసరికి జార్జెట్ గౌను తయారుగా ఉంది. అక్క మాత్రం నా ఫోన్ తీసుకుని, కొలతలిచ్చిన రోజు నేను చూపించిన ఆ కార్టూన్ బొమ్మనే మళ్ళీ చూసింది.

"ఇది గీసినోళ్ళకు బట్ట తెలుసు పాపా. సూడు, కిందికొచ్చేకొద్దీ నీలం పల్సబడతాండాది. అంచనేదే పెట్టలేదు. నీళ్ళకు అంచు యాడుంటాది?"

అంటూనే కత్తెర తీసి, తను కుట్టిన అంచంతా కత్తిరించేసింది. తర్వాత అగరుబత్తి వెలిగించి ఆ నిప్పును కొత్త గౌను కొసకు తాకించింది. నేను అదిరిపడి లేచి నిలబడ్డాను. వేడి తగిలిన చోటల్లా పోగులు కరిగి అతుక్కుని, గుడ్డ చిన్న అలలా ముడుచుకుంది.

"నీకు కుట్టడం రాదంటారక్కా," అన్నాను చివరికి.

"అననీ."

సాయంత్రం చెల్లి స్టేజీ మీద గిర్రున తిరిగింది. గౌను ఎక్కడ ముగిసిందో తెలియలేదు. మా ముందు వరసలో కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒకామె, "ఎవురు కుట్టినారో గానీ, అంచు మడవకుండానే ఇచ్చేసినారు" అంది.

నా పక్కనున్న అక్క స్టేజీ మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "నేనే కుట్టినానమ్మా. మీ పాప గౌను తీసకరా, దానికి మడిచి కుడతా."